మైనా వీపుకి నలభై రోజులు

నర్సీపట్నం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. శ్రావణ మాసం, ముసురు. రైలు దిగిన చోటి నుంచి పదిహేడు మైళ్ళు, పొద్దున్న నుంచి జీను మీదే ఉన్నాం. పన్నెండు మంది సవార్లం, పన్నెండు గుర్రాలు. మన్యంలో గొడవలు జరుగుతున్న రోజులవి. అక్కడికి వెళ్ళొచ్చానంటే మీరంతా తుపాకుల కథ అడుగుతారు. నా పని ఉత్తరాల సంచి మొయ్యడం. నర్సీపట్నం నుంచి కొయ్యూరు ఇరవై మైళ్ళ పైచిలుకు. ఒకరోజు పోవడం, మర్నాడు రావడం.

నా గుర్రం మైనా. ఎర్రటి ఆడగుర్రం, తొమ్మిదేళ్ళది. నెమ్మదిగా ఉండేది. నాకంటే బుద్ధిమంతురాలని దళంలో అందరూ ఒప్పుకునేవారు.

రెండో వారంలో కొయ్యూరు దారిలో వాగు దాటుతూ జారి పడ్డాను. కుడి మోకాలు రాయికి కొట్టుకుంది. వాపు వారానికి తగ్గింది గాని, నొప్పి తగ్గలేదు. ఎవరికీ చెప్పలేదు. కుంటివాణ్ణి గుర్రం దింపి సామాను బళ్ళకు కాపలా వేస్తారు. సవారు బండి వెనక నడవడమంటే మాలో పెద్ద నామర్దా. అప్పటికి నా వయసు ఇరవై మూడు. అందుకని పళ్ళు బిగించి ఎక్కాను.

భాద్రపదం చివర్లో ఓ ఉదయం జీను వెయ్యబోతే మైనా నడుం కిందికి కుంగించింది. కంబళి ఎత్తి చూశాను. వెన్నుకు ఎడమ పక్క అరచేయంత మేర చర్మం ఊడి రసి కారుతోంది. గుర్రాల వైద్యుడు వేలితో నొక్కాడు. మైనా వణికింది. వేసవిలో చిక్కిపోవడం వల్ల జీను వెన్నుకు ఆనుతోందన్నాడు. మా దళానికి పెద్ద జమేదారు. విజయనగరం వైపు మనిషి, మాటలు తక్కువ.

"నలభై రోజులు సూస్తాను. అప్పటికీ మనిషిని మొయ్యకపోతే కాల్సేడమే. తిండి దండగ."

ఆ నలభై రోజులూ నేను మళ్ళీ కొత్తగా చేరిన సిపాయిలా బతికాను. అయిదింటికి లేవడం, ఉప్పు వేసి కాచిన వేపనీళ్ళతో పుండు కడగడం. పది రోజులు వీపు మీద గుడ్డ కూడా వెయ్యలేదు. పుండు మూసుకున్నాక కళ్ళెం పట్టుకుని నడిపించాను, మొదట అరగంట, తర్వాత గంట. మెట్ట ఎక్కించి దించాను. నేల మీద వెదురు గెడలు పరిచి వాటి మీదుగా అడుగులు వేయించాను. తల దించి, నడుం ఎత్తి దాటేది. చిక్కిన వీపు అలా కండ పడుతుందని వైద్యుడు చెప్పాడు. ఉలవలు ఉడికించి పెట్టాను. ఇరవై ఎనిమిదో రోజున ఖాళీ జీను. ముప్ఫయ్యో రోజున రెండు పక్కలా ఒకే తూకం ఇసుక సంచులు. మూడు రోజులు మోసింది, వీపు చల్లగానే ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ముప్ఫై నాలుగో రోజున నేనెక్కాను. పావుగంట మాత్రమే నడిపించాను. దిగి చెయ్యి పెట్టి చూస్తే ఎడమ పక్క కాలుతోంది. ఒకరోజు ఆపి మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అంతే. జీను తప్పన్నాను. కంబళి మడత తప్పన్నాను. మైనా పొగరన్నాను కూడా. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ముప్ఫై ఏడో రోజున రావికమతం నుంచి గడ్డి బండి వచ్చింది. తోలుకొచ్చేది ఓ ముసలి రైతు. మోపులు దించుతూ నా అవస్థ చూశాడు. దగ్గరికొచ్చి గుర్రాన్ని కాదు, జీనును చూశాడు. కాళ్ళు పెట్టుకునే రెండు రికాబులూ పట్టుకుని కిందికి లాగాడు. ఎడమ రికాబు తోలు సాగి, కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. తర్వాత నన్ను కూర్చోమని నా బూట్లు తిరగేశాడు. ఎడమ బూటు అడుగున రికాబు ఇనుము కోసిన గాడి. కుడిది కొత్తదానిలా ఉంది.

ఏటి చూస్తున్నావు తాతా అన్నాను.

"ఎద్దుకి మెడ పుండైతే మేం ముందు కాడి సూస్తాం బాబూ. కాడి బాగుంటే పక్కెద్దుని సూస్తాం. అది కుంటితే దాని బరువూ దీని మెడ మీదే పడతాది." నా బూటు వదిలి నెమ్మదిగా అడిగాడు. "ఏ కాలు బాబూ నీది?"

నా చెయ్యి కుడి మోకాలి మీదికి పోయింది. ఆయన అడగడం మానేసి బండి తోలుకుపోయాడు.

నొప్పి కాలు ఆనకుండా నెలకు పైగా ఎడమకి ఒరిగి కూర్చున్నాను. నా బరువంతా అరచేయంత చోట మోపాను. జీనులు ఎలా వెయ్యాలో కొత్తవాళ్ళకు పాఠం చెప్పేవాణ్ణి నేనే. ఇంకా మూడు రోజులున్నాయి. నోరు మూసుకుంటే నా గుర్రం నాకే ఉంటుంది, మూడు రోజుల పాటు.

సాయంత్రం నాలుగింటికి జమేదారు ముందు నిలబడి మోకాలి సంగతి చెప్పాను. పంట్లాం మడిచి చూపించాను. తిడతాడనుకున్నాను.

"ముందే సెప్పుంటే దాని వీపు మిగిలేది కదరా" అన్నాడు. అంతే.

నలభయ్యో రోజు పొద్దున్న ఇంకో సవారు ఎక్కాడు. నిటారుగా కూర్చునే మనిషి. తోలు మార్చిన రికాబులు వేశారు. వాన వెలిసింది, మట్టి ఇంకా మెత్తగా ఉంది. గంటసేపు తిప్పాడు. దిగాక వైద్యుడు చెయ్యి పెట్టాడు, తర్వాత జమేదారు, ఆఖరున నేను. చల్లగా ఉంది. మైనా బతికింది. మర్నాటి నుంచి కొయ్యూరు సంచి అతను మోశాడు. నేను సామాను బళ్ళ వెనక మూడు నెలలు నడిచాను.

మోకాలు నయం కాలేదని మాఘంలో నన్ను ఇంటికి పంపేశారు. వెళ్ళే ముందు లాయానికి వెళ్ళాను. కొత్త సవారు అప్పుడే కొయ్యూరు నుంచి వచ్చి జీను దించుతున్నాడు. కంబళి తీశాడు. పుండు మానిన చోట వెంట్రుకలు మళ్ళీ మొలిచాయి. ఎర్రగా కాదు, తెల్లగా. అరచేయంత తెలుపు, వెన్నుకు ఎడమ పక్క. మైనా నన్ను చూసి తల తిప్పి, నా జేబు దగ్గర ఉలవల కోసం వాసన చూసింది.

ఎర్రటి వీపు మీద ఆ తెల్లటి మచ్చ ఇప్పటికీ కళ్ళ ముందు ఉంటుంది.