ఆకురాయి పెట్టిన అమెరికా పిస్తోలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడింటినీ జల్లెడ పట్టినా నాకున్నన్ని చెకుముకి పిస్తోళ్లు ఇంకెవరి దగ్గరా దొరికేవి కావు. పన్నెండు! అన్నీ అమెరికావే. అక్కడింకా ఇంగ్లండు రాజు పెత్తనం నడుస్తున్న రోజులవి. రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ పుడితేనే పేలే రకం.

సరే, పన్నెండు కాదు. రెండు. అందులో ఒకదానికి గొట్టమే లేదు. అది మన కమ్మరి ఎవరో చేసిందేనని నాకూ అనుమానం. రెండోది మాత్రం అచ్చంగా అమెరికాది. దాని మీద చెక్కిన అక్షరాలను పాత ఆయుధాల బొమ్మల పుస్తకంతో పోల్చి చూసుకున్నాను.

అది కోరుట్ల దగ్గర ఒక దొరవారి గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో, దొరికింది. నక్సలైట్ల కాలం. దొరవారు హైదరాబాదుకు వెళ్లిపోయారు. అన్నలు వచ్చి జోడు గొట్టాల తుపాకీ పట్టుకెళ్లారు. దీన్ని మాత్రం అటూ ఇటూ తిప్పి, "గిది పేలదు తాతా, పోరగాండ్లకియ్యి, ఆడుకుంటరు" అని గడప మీద పారేశారట. గడి కాపలా ముసలాయనకు ఒక జత ధోవతులిచ్చి తెచ్చుకున్నాను. నాది జగిత్యాలలో బట్టల దుకాణం. సరుకు సిరిసిల్ల నుంచి వచ్చేది.

తుప్పు పట్టి, రాయిని పట్టే కొక్కెం కదిలేది కాదు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీకి ఇచ్చాను. సాంచ మిస్త్రీ చేతికి వెళ్లిన ముక్క కొత్తదై తిరిగి రావాలి. తుప్పు కనబడితే సాంచాల ఆసామి ఊరుకోడు. ఆ అలవాటుతోనే ఇతగాడు ఆకురాయి పెట్టి అరగదీసి, గరుకు కాగితంతో రుద్ది, నూనెతో తుడిచి తళతళలాడించాడు. రెండొందల ఏళ్ల అక్షరాలు ఇనుప పొడి అయిపోయాయి. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. పాత వస్తువు ప్రాణమంతా ఆ మచ్చల్లోనే ఉంటుందని తెలియని మొద్దు!

నేను వెళ్లి తెచ్చుకునేలోపే పోలీసులు మిస్త్రీ కొట్టుకు సోదాకు వచ్చారు. బల్ల మీద పిస్తోలు మెరుస్తోంది.

"పాతది సారూ, ఎవలో బాగుచెయ్యమని ఇచ్చిండ్రు" అన్నాడట మిస్త్రీ.

"పాతదైతే గింత మెరుస్తదారా? అన్నలకు గిసొంటియి ఎన్ని చేసిచ్చినవ్?" అని ఎస్సై చెంప పగలగొట్టాడట.

పాతదని చెప్పే అక్షరాలు లేవు మరి. అన్నలు పనికిరాదని పారేసినదాన్ని, అన్నల కోసమే చేశాడంటూ మనిషిని పట్టుకెళ్లారు. ఏం బుర్రలయ్యా అవి! ఈ చెకుముకి రాయి ఎందుకుందని ఒక్కడైనా అడిగాడా? అడగరు. వాళ్లకు కావలసింది జవాబు కాదు, మనిషి.

నేను ఊరుకోలేదు. మూడో రోజు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి, ఆ బొమ్మల పుస్తకం బల్ల మీద కొట్టి, "ఇది నాది! చదువొచ్చినవాణ్ణి పిలవండి!" అని గర్జించాను. అరగంటలో మిస్త్రీ బయటికొచ్చాడు. పిస్తోలు రాలేదు.

గర్జించలేదు, ఒప్పుకుంటాను. మెల్లగానే చెప్పాను. ఇంకో మాట కూడా కక్కేస్తాను. "అద్దంలెక్క మెరవాలె మిస్త్రీ" అని చెప్పింది నేనే. దుకాణంలో అద్దాల బీరువాలో పెట్టి నలుగురికీ చూపించుకోవాలని ఆశ. ఇన్నేళ్లూ అతన్ని తిట్టానుగాని, మొద్దును నేను.

మొన్న సిరిసిల్ల వెళ్లి ఇక్కడిదాకా మిస్త్రీకి చదివి వినిపించాను. అతని కుడిచేతి రెండు వేళ్లు ముడుచుకోవు. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"మూడో దినం ఏంది సేటూ?" అన్నాడు. "పదకొండు దినాలున్న లోపట. ఎవలిదిరా అని రోజూ అడిగిండ్రు, నీ పేరు చెప్పలె. మా ఆసామి అచ్చి జమానతు పడి ఇడిపిచ్చిండు. నువ్వు స్టేషన్ మొకమే సూడలె. నెల దాటినంక మా ఇంటికచ్చినవ్. అచ్చి, నా చెయ్యి దిక్కు సూడకుంట, పిస్తోల్ ఏదని అడిగినవ్."