పెద్దన్న పంచిన నెట్

వూహాన్‌లో మా హాస్టల్ గదుల్లో వయసును బట్టి అన్నదమ్ముల వరసలు. మా ముగ్గురికంటే కాస్త ముందు పుట్టినందుకు షి గ్వాంగ్‌ఫు మాకు పెద్దన్న అయ్యాడు. ఆ వరసను అంత నీచంగా వాడుకున్నవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. గదికున్న ఒక్క నెట్ కనెక్షన్ అతని పేరు మీదే. దాన్ని నలుగురికీ పంచే డబ్బా అతని బల్ల మీదే. అక్కణ్ణుంచి మంచాల కిందుగా మా కంప్యూటర్లకు వైర్లు.

నెట్ నత్తనడక నడిచినప్పుడల్లా ముందు అతనే విరుచుకుపడేవాడు.

"ఎవడ్రా సినిమాలు దింపుతున్నది? పక్కవాడి గురించి కాస్తయినా ఆలోచించరా?"

మేం హడావిడిగా అన్నీ కట్టేసేవాళ్ళం.

చివరి ఏడాది, గాన్సు నుంచి వచ్చిన మా చిన్నోడు బాయ్ యోంగ్‌నియన్‌ని షెన్‌జెన్ కంపెనీ ఒకటి కెమెరాలో ఇంటర్వ్యూకి పిలిచింది. అంత దూరం రైలెక్కి వెళ్ళే స్తోమత లేనివాడికి అదొక్కటే దారి.

"పెద్దన్నా, ఈ ఒక్క గంటా నెట్ నాకొదిలెయ్యవా?"

"అడగాలా చిన్నోడా? నేను చూసుకుంటాగా!"

వరసలో రెండోవాడూ, మూడోవాణ్ణి నేనూ నెట్ వాడటం మానేశాం. అయినా తెర మీద అవతలి మనిషి బొమ్మ బిగుసుకుపోయింది, మాట ముక్కలైంది. "మీరు చెప్పేదేమీ వినబడట్లేదు, ఉంటాను" అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది.

పెద్దన్న వాడి భుజం నిమిరాడు. "మన కాలేజీ నెట్ ఇంతేరా. ఉండు, వేడినీళ్ళు తెస్తా, నూడుల్స్ తిందువుగాని."

ఫ్లాస్కు పట్టుకుని లేచేసరికి కాలు తగిలి అతని కంప్యూటర్ నెట్ వైరు ఊడింది. అతను చూసుకోకుండానే వెళ్ళిపోయాడు. కాసేపటికి చిన్నోడి తెర మీద ఆగిపోయిన మెసేజీలన్నీ టకటకా వచ్చి పడ్డాయి. అనుమానమొచ్చి రెండోవాడు పెద్దన్న కంప్యూటర్లో వెతికాడు.

"మన గొంతులు నొక్కే ప్రోగ్రాం పెట్టుకున్నాడ్రా వీడు! నెట్టంతా తనే లాక్కుంటున్నాడు."

ఫ్లాస్కుతో తిరిగొచ్చినవాడి ముఖంలో సిగ్గన్నది లేదు.

"నలుగురూ లాగితే ఎవడికీ రాదు. పెద్దవాణ్ణి, నేనే అదుపులో పెట్టాలి కదరా."

"ఇంటర్వ్యూ అప్పుడు కూడానా?" అన్నాను.

"సీరియల్ చివరి భాగం దిగుతోందిరా. మధ్యలో ఆపితే మళ్ళీ మొదట్నుంచీ దింపాలి."

అతను తెచ్చిన వేడినీళ్ళు చూసినా నాకు అసహ్యమేసింది. చిన్నోడు డబ్బాలోంచి తన వైరు పీకి చుట్ట చుట్టాడు. మేమూ పీకేశాం.

పెద్దన్న కాసేపు ముఖం గంటుపెట్టుకుని కూర్చుని, తన వైరు మళ్ళీ తగిలించుకున్నాడు. కొద్దిసేపటికి సంబరం పట్టలేక, "ఒరేయ్, ఇటు రండ్రా! ఇవాళ నెట్ ఎంత జోరుగా ఉందో చూడండి!" అని మమ్మల్నే పిలిచాడు.