చుక్కల రేవు ముగింపు మావ అత్తకి చెప్పలేదు

మా మావ పోయిన కబురు నాకు ఇంటి నుంచి రాలేదు. ‘చుక్కల రేవు’ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ముందురోజు పనిమీద టెక్కలి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. పొద్దున్న అత్త చేయించిన మొదటి ఫోను పలాస డయాలసిస్ సెంటరుకి. ఈరోజు మా మంచం ఖాళీ, కావలసినవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వండి అని చెప్పించిందట. మావ పక్క మంచం మీద ఉండే జీడిపప్పు ఫ్యాక్టరీ అమ్మాయి అది విని గ్రూపులో వాయిస్ పెట్టింది.

“మైకుసెట్టు మావ మరి రాడంట. నిద్దట్లోనే ఎలిపోయాడంట. ఎవులూ ఏడవకండి, ఏడిస్తే ఆయనకి సిరాకు. గుమస్తా మాట ఓపాలి ఎట్టుకుని ఇనండి.”

బస్సులో కూర్చుని నేనూ అదే చేశాను.

చుక్కల రేవు అంటే ఫోనులో వినే నాటకం. బొమ్మ ఉండదు, మాటలూ చప్పుళ్ళూ మాత్రమే. భూమ్మీద ఇక బతకలేమని కొంతమంది ఒక నావ ఎక్కి, ఆకాశంలో వేరే నేల వెతుక్కుంటూ పోతారు. నావకి పెద్ద ఒక కెప్టెనమ్మ. నావలో తిండి, గాలి, నీళ్ళు అన్నిటి లెక్కా చూసే యంత్రం ఒకటి ఉంది. దాని పేరు గుమస్తా. ఎవరేమడిగినా “తమరు అడిగారు గనక చెబుతున్నాను” అని మొదలుపెట్టి, వినేవాడి ప్రాణం తీసి గాని వదలదు. ఆదివారం ఆదివారం ఒక భాగం వచ్చేది.

మావకి ఒకప్పుడు మైకుసెట్టు ఉండేది. ఉద్దానం ఊళ్ళలో పెళ్ళైనా, అమ్మవారి సంబరమైనా ఆయన హారన్లు కొబ్బరిచెట్టుకి కట్టాల్సిందే. చప్పుడు విషయంలో ఆయనకి పట్టింపు ఎక్కువ. పెళ్ళివారు భోజనానికి పిలిచినా, ఆఖరి పంక్తి దాకా వినబడుతోందో లేదో నడిచి చూసుకొచ్చాకే ఆకు ముందు కూర్చునేవాడు. డీజేలు వచ్చాక సెట్టు అటకెక్కింది. ఆ తరవాత మా ఊళ్ళో చాలామందికి వచ్చినట్టే ఆయనకీ కిడ్నీ జబ్బు వచ్చింది. బోరునీళ్ళ వల్లే అంటారు.

వారానికి మూడు రోజులు డయాలసిస్. నా బండి మీద పలాస తీసుకెళ్ళేవాణ్ణి. మొదట్లో నాలుగు సార్లకి రెండు సార్లు ఎగ్గొట్టేవాడు. సూదులకి భయపడి కాదు.

“సూదులకేటి, జీడితోటలో ముళ్ళు గుచ్చుకోలేదా? ఆ మంచం మీద నాలుగ్గంటలు ఎల్లకిలా పడుకుని పైకప్పు సూడ్డం నా వల్ల కాదురా అల్లుడా. ఒక్క మాటుండదు, ఒక్క పాటుండదు. మిషను కుయ్యిమంటాది, అంతే.”

అత్త వీధి గుమ్మంలో నిలబడి పోట్లాడేది. “బండెక్కుతావా, నీ బదులు నన్నెక్కమంటావా?”

“ఎక్కు. నీకే బాగుంటాది, ఏసీ కదా.”

ఎగ్గొట్టిన మర్నాటికి ముఖం ఉబ్బేది, ఆయాసం వచ్చేది. అత్త రాత్రంతా తలగడలు ఎత్తుపెట్టి కూర్చునేది. ఇలాగే కొన్నాళ్ళు సాగితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక సోమవారం పక్క మంచం అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకటే నవ్వుతోందట. ఆ అమ్మాయి కాశీబుగ్గ ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసేది. జబ్బు వచ్చాక డయాలసిస్ లేని రోజుల్లోనే పనికి వెళ్తోంది. మావ కాసేపు చూసి ఉండబట్టలేక అడిగాడు.

“ఏటే పాపా, నువ్వొక్కర్తివే ఇరగబడి నవ్వుతన్నావు?”

“గుమస్తా మావా. కెప్టెనమ్మ టీ అడిగితే లెక్క సెప్తన్నాడు.”

“మరి మాకో? సప్పుడు సెవిలో దాసుకునేదేటే? నలుగురికీ ఇనబడాలి గానీ.”

బుధవారం నాటికి అటక మీది సామాన్లలోంచి ఒక చిన్న స్పీకరు పెట్టె తీసి, వైర్లు సరిచేసి, చేతిసంచీలో పెట్టుకుని ఆయనే ముందుగా బండెక్కాడు. అత్త నా వైపు చూసింది. నేను బండి తీశాను.

సిస్టరు, చప్పుడు తగ్గించి పెట్టుకోండి అని ఒప్పుకుంది. అలా ఆ హాలు హాలంతా చుక్కల రేవు వినడం మొదలుపెట్టింది. మావ ఒక రూలు పెట్టాడు. కొత్త భాగం ఆదివారం వచ్చినా ఎవరూ ఇంటి దగ్గర వినకూడదు. సోమవారం హాల్లోనే, అందరూ కలిసి. కాటా ఎక్కి బరువు చూసుకుని వచ్చే ప్రతివాణ్ణీ నిలదీసేవాడు. “ఇనీసినావా? నా కళ్ళల్లోకి సూసి సెప్పు.” రిటైరైన మాస్టారు ఒకాయన ఒకసారి దొరికిపోయాడు. గుమస్తా అనబోయే మాటకి ముందే నవ్వేశాడు. ఆ రోజంతా మావ ఆయన్ని “తమరు ఇన్నారు గనక సెబుతున్నాను” అని ఏడిపించాడు. నీళ్ళు ఎక్కువ తాగి బరువు పెరిగావని సిస్టరు తిడితే మాస్టారు ఉడుక్కోలేదు గానీ దీనికి ఉడుక్కున్నాడు.

వాళ్ళు ఊరికే వినేవారు కాదు. కెప్టెనమ్మకి సలహాలిచ్చేవారు. నావలో దొంగతనం చేసినవాణ్ణి వీళ్ళు చేసిన రోజే పట్టేశారు. నాటకంలో వాళ్ళకి పట్టుకోవడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. గుమస్తాని ఎవరైనా కసిరితే ఫ్యాక్టరీ అమ్మాయి ఊరుకునేది కాదు. “నోరు లేనోణ్ణి అలగంతారేటి?” అనేది. “దానికి నోరొక్కటే ఉందే పాపా” అని మావ. మిషన్లు కుయ్యిమంటే సిస్టరు పరుగెత్తుకొచ్చేది. వచ్చి బటను నొక్కి, వెళ్ళకుండా అక్కడే నిలబడేది.

తోడొచ్చినవాళ్ళం బయట బెంచీ మీద కూర్చునేవాళ్ళం గనక నాకు సగం సగం వినబడేది. మొత్తం కథ నాకూ అత్తకీ ఇంటి దగ్గర దొరికేది. అత్త అన్నం పెడుతుంటే మావ ఆ వారం భాగం చెప్పేవాడు. చెప్పడమంటే మాటలతో సరిపెట్టడం కాదు. నావ తలుపు తెరుచుకోవాలంటే డేగిసా మూత సిమెంటు గచ్చు మీద ఈడ్చేవాడు. గాలివాన అంటే చేటలో బియ్యం. గుమస్తా మాట్లాడాలంటే స్టీలు గ్లాసు నోటికి అడ్డం పెట్టుకునేవాడు. అత్తకి బటన్ల ఫోను తప్ప వేరే తెలీదు. ఆమె విన్న చుక్కల రేవు అంతా ఇదే.

“ఆగు, ఆగు. కెప్టెనమ్మకి ఎవుళ్ళూ లేరా? మొగుడో, అన్నదమ్ములో?”

“సోమారం అడిగి వత్తాను.”

అప్పటి నుంచి ఆయన ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. “ఆ గుమస్తా ఎవుడో గానీ ఆడి పేరున కొబ్బరికాయ కొట్టాలి” అని అత్త మా అమ్మతో అంది.

నావలో నీళ్ళు అయిపోయే భాగాలు వచ్చాయి. గుమస్తా మనిషికి రోజుకి ఇన్ని గుక్కలని కొలిచి ఇవ్వడం మొదలెట్టాడు. హాల్లో నవ్వులు ఆగలేదట. “ఓస్, ఇదేటి కథ, ఇది మన బతుకే కదా” అన్నాడట మాస్టారు. అక్కడున్న వాళ్ళందరికీ నీళ్ళు డాక్టరు పెట్టిన కొలతే. రోజంతటికీ ఒక చిన్న సీసా. కొబ్బరితోటలో పుట్టి, కొబ్బరినీళ్ళు ముట్టకూడనివాళ్ళు. నావలో ఎవడో పక్కవాడి వాటా దొంగతనంగా తాగితే, హాల్లో ఒక్కరూ వాణ్ణి తిట్టలేదు.

ఆ తరవాతి భాగంలో నావ ఒక కొత్త నేల మీద దిగింది. రాళ్ళ సందున ఊట. కెప్టెనమ్మ మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టింది. అప్పుడు నేను తలుపు దగ్గరే ఉన్నాను. లోపల ఒక్కసారిగా కేకలు.

“తాగకే తల్లీ!”

“టెస్టు సెయ్యించు ముందు!”

“గుమస్తా, ఓరి గుమస్తా, సెప్పరా దానికి!”

భాగం అక్కడితో ఆగింది. వచ్చే వారంతో చుక్కల రేవు ముగుస్తుంది అని కూడా చివర్లో చెప్పారు.

వేరే ఊళ్ళలో అది విన్నవాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. ఊట కనబడింది, దాహం తీరుతుంది అనుకుని ఉంటారు. మా వాళ్ళకి మాత్రం అలా తోచదు. తెలియని చోట నేలలోంచి వచ్చే నీళ్ళంటే మా ఉద్దానంలో ఎవరికైనా ముందు అనుమానమే. వారమంతా గ్రూపులో ఇదే గొడవ. ఆ నీళ్ళు మంచివా కావా?

“అందులో ఏదో ఉండే ఉంటాది” అని మాస్టారు వాయిస్. “నీళ్ళు బాగుంటే ఇంక కథేటుంటాది?”

మావ జవాబు ఇప్పటికీ గ్రూపులో ఉంది. “కథ నేకపోతే పోయింది మాస్టారూ. ఆళ్ళని కడుపునిండా తాగనియ్యండి.”

అత్తకి నీళ్ళ గురించి బెంగ లేదు. ముగింపు గురించే బెంగ. పెరట్లో నన్ను పట్టుకుని మెల్లగా అడిగింది. “అయిపోతే మల్లీ మానేత్తాడేటిరా? ఇంకో వారం సాగదీయమని ఆళ్ళకి సెప్పనేవా?”

ఆఖరి భాగం రోజు సిస్టరు నన్ను కూడా లోపలికి రానిచ్చింది. గుమస్తా ఆ నీళ్ళ గురించి చాలాసేపు లెక్కలు చెప్పాడు. చివరికి “తమరు అడిగారు గనక చెబుతున్నాను, తాగవచ్చు” అన్నాడు. కెప్టెనమ్మ తాగింది. గటగటా గొంతు దిగుతున్న నీళ్ళు. మాటల్లేవు, సంగీతం లేదు. అందరూ ఒకరి తరవాత ఒకరు తాగుతున్న చప్పుడే. అయిపోయాక మాస్టారు “మల్లీ ఎట్టు” అన్నాడు. మళ్ళీ పెట్టారు. చాలాసార్లు పెట్టారు.

మావ తేరుకుని, “అది నిజంగా తాగింది కాదు. సెంబుని కుండలో ముంచి సేసిన సప్పుడు. నాకు తెల్దా?” అన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. నాటకంవాళ్ళకి వాయిస్ పంపించారు. రెండు రోజులకి జవాబు వచ్చింది. కెప్టెనమ్మ వేషం వేసినామె నిజంగానే తాగిందట. సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ తాగించారట, ఆమె ఇక నా వల్ల కాదు బాబోయ్ అందట. హాల్లో చప్పట్లు. ఓడిపోయిన మావ అందరికంటే ఎక్కువ మురిసిపోయాడు. “అదురుట్టం అంటే ఆయమ్మదిరా” అని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు.

ఆ జవాబు రాకముందే, ఆఖరి భాగం విన్న సోమవారం మధ్యాహ్నం, మావ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. స్టీలు గ్లాసు అందుకున్నాడు.

“సెప్పకు” అంది అత్త.

“ఏటే?”

“ఆ ఊట దగ్గర ఆపీ. నాకు తెలీక్కర్లేదు.”

“వారం నుంచి నిద్దరోకుండా ఉన్నావు కదే!”

“ఉంటే ఉన్నాను. సెప్పీసినావంటే నీకింక పని అయిపోద్ది. బుధవారం ఎల్లొచ్చి సెప్పు. బుధవారం వత్తే సుక్కురారం సెబుదువు.” నా వైపు తిరిగింది. “నువ్వూ సెప్పకు.”

మావ గ్లాసు కింద పెట్టి అన్నం కలుపుకున్నాడు. తరవాత నవ్వాడు. “నాను పలాస ఎల్లడం మానేసిన రోజున ఇనుకోయే.”

“అలగే.”

ఆ ఒప్పందం ఆయన తప్పలేదు. బుధవారం వెళ్ళాడు. అదే రోజు హాల్లోకి కొత్త మనిషి వచ్చాడు, కొబ్బరికాయలు దింపే అతను. ఎంత ఎత్తు చెట్టైనా ఎక్కే మనిషి సూది చూసి వణికిపోతున్నాడు. మావ అతన్ని చూసి ఫ్యాక్టరీ అమ్మాయికి సైగ చేశాడు. “పాపా, మొదట్నించీ ఎట్టు. ఎవుడైనా ముందు కథ సెప్పినాడంటే సూదులు పీకీగలను.” అంతే, చుక్కల రేవు మొదటి నుంచి మొదలైంది. ఈసారి మావ నాటకం వినలేదు, కొబ్బరి దింపేవాడి ముఖం చూస్తూ పడుకునేవాడు. ఇంటికొచ్చి అత్తకి అది చెప్పేవాడు. ఇవాళ గుమస్తాకి నవ్వాడు, ఇవాళ దొంగని పట్టీసినాడు, మనకంటే ముందే. అతనికి ఊట దాకా కథ రాకముందే మావ వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పలాస నుంచి ఆటోలో ముగ్గురు వచ్చారు. మాస్టారు, ఫ్యాక్టరీ అమ్మాయి, కొబ్బరి దింపే అతను. వసారాలో కూర్చోబెట్టి అత్త నీళ్ళు తెచ్చింది. గ్లాసుల్లో వేలి మందం నీళ్ళు. ఎంత పొయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎవరూ తాగలేదు. “ఉండత్తా, కాసేపున్నాక తాగుతాం” అంది అమ్మాయి. “ఆఖరిది నువ్వూ ఇన్లేదంట, ఈ బాబూ ఇన్లేదు. మావ నేకుండా హాల్లో ఎట్టబుద్ధి కాలేదు.”

ఫోను గట్టు మీద పెట్టింది. నావ తలుపు తెరుచుకుంది. గుమస్తా మాట్లాడడం మొదలెట్టాడు. అత్త చెయ్యి అడ్డంపెట్టి ఆపించింది.

“ఈడా గుమస్తా?”

“ఈడే అత్తా.”

“ఈడి కంటే మీ మావే నయం” అంది. మాస్టారు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు.

మళ్ళీ పెట్టారు. లెక్కలన్నీ అయ్యాయి. కొబ్బరి దింపే అతను గ్లాసు పట్టుకున్న చెయ్యి మోకాలికేసి నొక్కి, “తాగీకమ్మా, తాగకు” అని గొణుగుతున్నాడు. అత్త లోపలికి వెళ్ళి తనకూ ఒక గ్లాసు తెచ్చుకుంది. బిందె నిండా నీళ్ళున్నాయి, ఆమెకి ఏ జబ్బూ లేదు. వేలి మందమే పోసుకుంది. వచ్చి వాళ్ళ వరసలో కూర్చుంది.

గుమస్తా తాగవచ్చన్నాడు. కెప్టెనమ్మ వంగింది. వసారాలో నాలుగు గ్లాసులు ఒక్కసారే పైకి లేచాయి.