రవళి వ్యాసం ఎవరు రాశారు?

2024లో నేను మందమర్రి దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టర్‌ని. తోటి టీచర్లకు ఏఐ నేర్పే రిసోర్స్ పర్సన్ బాధ్యత నా నెత్తిన పడింది. పడిందని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు ఎగిరి గంతేసి తీసుకున్నాను. ఏ డౌటొచ్చినా చాట్‌బాట్‌ను అడగండి, చెప్తుందని రెండు రోజులు ఊదరగొట్టాను.

చాట్‌బాట్ అంటే మన ప్రశ్నకు మనిషిలా జవాబు రాసే ప్రోగ్రాం. ఏ మాట తర్వాత ఏ మాట పొసగుతుందో చూసి అల్లుకుంటూ పోతుంది. తెలియకపోయినా తెలిసినట్టే చెప్పగలదు. ఆ సంగతి చెప్పడానికి టైం చాలలేదు. అబద్ధమెందుకు, చెప్పాలని తోచలేదు.

నెల తిరగకముందే మా తెలుగు టీచర్ సుజాత మేడం తొమ్మిదో తరగతి రవళిని స్టాఫ్ రూంకు పిలిపించారు. వ్యాసరచన పోటీకి ఆ పిల్ల గనిలో పనిచేసే వాళ్ల నాన్న గురించి, బాపు బొగ్గుబాయి డ్యూటీ గురించి రాసింది. తానం చేసినా బాపు కళ్లకు బొగ్గు కాటుక మిగులుతుందని, అమ్మ కాటుక కంటే అదే నల్లగా ఉంటుందని అందులో ఉంది.

"తొమ్మిదో తరగతి పిల్లకు గిసొంటి మాట యాడికెళ్లి వస్తది సార్? మీరు చెప్పినట్టే ఫోన్ల అడిగిన," అని మేడం స్క్రీన్ చూపించారు. వ్యాసమంతా టైప్ చేసి, ఇది నువ్వే రాశావా అని చాట్‌బాట్‌ను అడిగారు. అవును, నేనే రాశానని జవాబు.

"నేనే రాసిన టీచర్. మా బాపును అడుగుండ్రి," అంది రవళి.

నాకు అనుమానం వచ్చింది. కానీ నోరు విప్పితే నా శిక్షణ బండారం బయటపడుతుంది. ఊరుకున్నాను, సిగ్గులేని మనిషిని. పోటీ జాబితాలో పిల్ల పేరు కొట్టేశారు. మర్నాడు ప్రేయర్‌లో అందరి ముందూ నిలబెట్టారు.

ఆ సాయంత్రం నేను పదేళ్ల కిందట రాసుకున్న ట్రాన్స్‌ఫర్ దరఖాస్తును టైప్ చేసి అదే ప్రశ్న అడిగాను. అదీ తనే రాసిందట.

మేడంకు చూపించాను. అప్పటికే పోటీకి పేర్లు వెళ్లిపోయాయి. ఇద్దరం రవళికి సారీ చెప్పాం. మళ్లీ రాయి బిడ్డా అన్నాను.

"ఇగ రాయను సార్. రాస్తే మీరు ఫోన్‌నే అడుగుతరు, నన్ను అడుగరు."

ఇప్పుడు ప్రతి శిక్షణలో మొదటి మాట అదే చెప్తాను: ముందు పిల్లను అడగండి. అందరూ తలూపుతారు. టీ టైంలో ఒకరు మెల్లగా పక్కకొచ్చి, కాపీని పట్టే యాప్ ఏదని అడుగుతారు.

రవళి పదో తరగతికొచ్చింది. తెలుగు పరీక్షలో గైడ్‌లో ఉన్నదే అక్షరం పొల్లుపోకుండా దించుతుంది. మంచి మార్కులొస్తున్నాయి. ఎవరికీ అనుమానం రాలేదు.