సినిమా యుద్ధంలో తప్పులు పట్టిన తాతయ్య

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో తెల్లదొరల కాలంనాటి యుద్ధం మీద తీసిన పాత సినిమా ఏదో వస్తుంటే, మా మనవడు ఫోను చేతిలో పట్టుకుని, అప్పట్లో సిపాయిలకు అలాంటి తుపాకులే లేవనీ, ఆ టోపీలు ఇంకెప్పుడో వచ్చాయనీ ఒక్కొక్క తప్పే చదివి వినిపిస్తూ తెగ నవ్వుకున్నాడు. నాకు నవ్వు రాలేదు సరికదా, నలభై అయిదేళ్ల కిందటి ఒక వేసవి ఉదయం గుర్తొచ్చింది.

అప్పుడు నేను పెనుబల్లి అవతల అడవి అంచున ఉన్న మా ఊరి బడిలో సోషల్ టీచర్ని, తాతయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. తాతయ్య వయసులో ఉన్నప్పుడు గోదావరి జిల్లా నుంచి ఒంటరిగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మన్యంలో గిరిజనులు తిరగబడ్డప్పుడు ఆయన కూడా తెల్లవాళ్లతో పోరాడాడనీ, వాళ్లకు దొరక్కుండా నైజాంలోకి దాటి వచ్చాడనీ ఊరంతా చెప్పుకునేవాళ్లు. ఈ మాట మొదట ఎవరన్నారో తెలియదు. ఆయన మాత్రం అవునని ఎన్నడూ అనలేదు, కాదనీ అనలేదు. ఏటా ఆగస్టు పదిహేనున బడిలో జెండా ఎగరేసేది ఆయనే, ఆయన గొప్పలు పిల్లలకు చెప్పేది నేను. ఎంత మురిసిపోయేదాన్నో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ వేసవిలో సరిగ్గా ఆ పోరు మీదే సినిమా తీయడానికి మద్రాసు నుంచి ఒక కంపెనీ మా పక్క అడవికి వచ్చింది. టెంటు హాల్లో నేల టిక్కెట్టు మీద కూర్చుని సినిమా చూసిన మన ఈడువాళ్లకు చెప్పాలా, షూటింగ్ అంటే ఎంత సంబరమో. కోయవాళ్లకు విల్లంబులిచ్చి తిరుగుబాటుదారుల్ని చేశారు, తెల్లవాళ్లు దొరక్క మా ఊరి రైతులకే ఖాకీలు తొడిగి, ముఖాలకు పౌడరు దట్టించి సిపాయిల్ని చేశారు. నేనేమో నా గొప్ప కొద్దీ తాతయ్యను బండి కట్టించి తీసుకెళ్లి, ఈయన ఆ పోరులో ఉన్న మనిషండీ, ఏది నిజమో చెబుతాడు అని డైరెక్టరు పక్కన కుర్చీ వేయించి మరీ కూర్చోబెట్టాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పక్కవాడి నాగలి చాలు వంకరపోయినా ఊరుకోలేని మనిషి మా తాతయ్య. సిపాయిల కాళ్లకు చుట్టిన ఖాకీ పట్టీలు చూసి, మోకాలి నుంచి కిందికి కాదు, చీలమండ నుంచి పైకి చుట్టాలని తనే నేలమీద కూర్చుని ఒకడికి చుట్టి చూపించాడు. సిపాయిలు కేకలేస్తూ పరిగెత్తుతూ తుపాకులు పేలుస్తుంటే ఇక ఆగలేకపోయాడు. అలా కాలిస్తే ముందు చచ్చేది మీ పక్కవాడేనని కసిరి, డెబ్భై అయిదేళ్ల మనిషి తుపాకీ అందుకుని భుజానికి ఆనించి, ముందు వరస మోకాలి మీద, వెనక వరస నిలబడి, దొర విజిల్ ఊదేదాకా వేలు కదలకూడదని చూపించాడు. ఆయన నడుము అంత నిటారుగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

డైరెక్టరు మురిసిపోయి, ఎదురుగా నిలబడి చూసినట్టే చెబుతున్నారండీ తాతగారూ అన్నాడు.

"ఎదురుగా ఏంటి నాయనా, వెనక వరసలో ఎడమ నుంచి మూడోవాణ్ణి నేనేగా."

అనేశాకగానీ ఏమన్నాడో ఆయనకే తెలియలేదు. పౌడరు ముఖాల రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పోరు తర్వాత మన్యం నుంచి ఇటు వచ్చేసిన కోయ పెద్దాయన ఒకడు విల్లు పట్టుకుని గుంపులోంచి మెల్లగా ముందుకొచ్చి తాతయ్యకేసి చాలాసేపు చూశాడు.

"అవ్, గట్లనే కాల్చిన్రు. దొర ఒక్కడే తెల్లోడు, మిగిలినోళ్లంత మనోళ్లే. మా అన్న మొదటి దెబ్బకే పడ్డడు. నేను చెట్టెక్కి చూసిన."

కోపంగా అన్నా బాగుండేది. లెక్క సరిపోయిందన్నట్టు చెప్పి, విల్లు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. తాతయ్య తుపాకీ కింద పెట్టడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయాడు.

ఇంటికొచ్చాక రెండు రోజులు నేను ఆయనకు అన్నం పెట్టలేదు, మాతోపాటే ఆ ఇంట్లో ఉండే మా పిన్నే పెట్టింది. కోపం ఎవరి మీదో నాకే తెలిసేది కాదు. ఇంటి గుట్టు లంకకు చేటన్నట్టు ఆ రైతుల నోటి నుంచి ఇది బడిదాకా పాకితే పిల్లల ముందు నిలబడేదెలా అన్నదే నా బెంగ. ఆగస్టు పదిహేనుకు ఆయనకు జ్వరమని చెబుదామని అనుకున్నాను కూడా. ఆయన మాత్రం ఆ పండగ నాడు తెల్లారేసరికి స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని బడికి వచ్చాడు. జెండా తాడు అందించబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను పట్టుకోకూడదర్రా. ఆ రోజు నేను దొర పక్కన నిలబడ్డా. అన్నం కోసం చేరా, విజిల్ ఊదితే కాల్చా."

అని, వెళ్లి ఒకటో తరగతి పిల్లల వెనక నిలబడ్డాడు. పిల్లలకు ఏం అర్థమైందో గానీ, ఆ రోజు చప్పట్లు కొట్టలేదు.

మరుసటి ఏడు సినిమా సత్తుపల్లిలో ఆడింది. పట్టీలు సరిగ్గా ఉన్నాయి, వరసలు సరిగ్గా ఉన్నాయి, విజిల్ కూడా పెట్టారు. అచ్చం నిజంలా తీశాడని జనం మెచ్చుకున్నారు. తుపాకులు పట్టినవాళ్ల ముఖాలన్నీ మాత్రం తెల్లగానే ఉన్నాయి.

ఇప్పుడు తాతయ్య లేడు, ఆ పెద్దాయనా లేడు. ఆ అడవి అంచంతా జామాయిల్ తోటలైపోయింది. ఆ రోజుల్లో కళ్లారా చూసినవాళ్లు ఊరికొకరు అరుగు మీద కూర్చుని ఉండేవాళ్లు, మనకే అడగాలని తోచేది కాదు. అడగాలని తోచే ఈ రోజుల్లో వాళ్లు లేరు. ఆ తుపాకీ ఎలా పట్టుకోవాలో నేను ఇప్పటికీ చూపించగలను. ముప్పై ఏళ్లు పిల్లలకు చరిత్ర చెప్పాను. మా పరువు పోయిందన్న దిగులులో పడి, ఆ పెద్దాయన ఇంటికి ఒక్కసారైనా వెళ్లి, మీ అన్న పేరేమిటని అడగలేదు.