స్టిక్కరులో పట్టని 'అండి'

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం కాదు, మెట్రో రైలు హైటెక్ సిటీ దాకా వచ్చేసిన రోజులే) తెలుగు రావడం కూడా ఒక అర్హతేనని ఎవరైనా అంటే నేను నమ్మేదాన్ని కాదు. మా గోదావరి వైపు తెలుగు రానివాళ్ళు ఉండరు కాబట్టి దాన్ని ఎవరూ బయోడేటాలో రాసుకోరు. డిగ్రీ చేతబట్టుకుని హైదరాబాదు వచ్చి, మూసాపేటలో మా పెద్దమ్మ ఇంట్లో దిగి, కనిపించిన ప్రతి అద్దాల మేడలోనూ ఇంటర్వ్యూ ఇచ్చి, ప్రతిచోటా 'తెలియజేస్తాం' అనిపించుకుని, చివరికి మాదాపూర్‌లో ఒక లారీల కంపెనీలో తేలాను. లారీల కంపెనీ అంటే మా మేనేజరుగారికి కోపం. "లారీ అనకమ్మా, లాజిస్టిక్స్ అను" అనేవారు. లారీలు ఎవరివో, సరుకు ఎవరిదో, మాది మాత్రం యాప్. ఆ యాప్ తయారు చేసేవాళ్ళందరికీ ఇంగ్లీషు, హిందీ, కంప్యూటరుకు మాత్రమే అర్థమయ్యే మరో నాలుగైదు భాషలు వచ్చు గానీ, డ్రైవర్లకు అర్థమయ్యేలా తెలుగులో నాలుగు ముక్కలు రాసే దిక్కు లేకపోయింది. ఆ దిక్కు నేనయ్యాను. నా పదవి పేరు డ్రైవర్ కమ్యూనికేషన్ ఎగ్జిక్యూటివ్. మా పెద్దమ్మకు ఆ పేరు నోరు తిరగక, ఆదివారం చర్చిలో అందరికీ "మా పిల్ల లారీవాళ్ళకి ఉత్తరాలు రాస్తుందండి" అని చెప్పి నా పరువు తీసింది.

నాకు ఆఫీసులో మొదటి వారంలోనే 'అండి మేడం' అని పేరు పడింది. తప్పు నాది కాదు, పెంపకానిది. మా నాన్న మిషన్ బడిలో తెలుగు మాస్టారు. ఆయన ప్రార్థనలో దేవుణ్ణి ఒక్కడినే 'నువ్వు' అనేవారు, మిగతా లోకమంతటికీ 'అండి'యే. పాలవాడికి అండి, పోస్ట్‌మేన్‌కి అండి, పరీక్ష తప్పిన పిల్లవాడికి కూడా "ఏమండీ, ఇలాగైతే ఎలాగండీ?" అనేవారు. అలాంటి ఇంట్లోంచి వచ్చినదాన్ని, లిఫ్టు తలుపు పట్టుకున్న మనిషికి నాలుగుసార్లు అండి తగిలించకుండా పై అంతస్తుకు చేరలేకపోయేదాన్ని. పక్క సీటు అమ్మాయిలు "ఏందే, గూగుల్‌ను గూడ అండి అంటవా?" అని నవ్వేవాళ్ళు. (ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. ఎవరూ వినలేదు.)

మా మేనేజరుగారిని అందరూ చాటుగా 'క్రిస్ప్ సార్' అనేవాళ్ళు. ఈ లోకంలో ఏదైనా సరే క్రిస్ప్‌గా ఉండాలని ఆయన సిద్ధాంతం. మెయిలు క్రిస్ప్‌గా ఉండాలి, మీటింగు క్రిస్ప్‌గా ఉండాలి, ఆఖరికి చావు కబురైనా రెండు లైన్లు దాటకూడదు. ఆయన నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని స్టిక్కరు. మా కంటైనర్ ట్రైలర్లు అక్కడక్కడా తక్కువ ఎత్తు వంతెనల దగ్గర తగులుకుంటున్నాయి. వంతెనకు దెబ్బ తగలకుండా దానికి ముందు రోడ్డుకు అడ్డంగా ఒక ఇనుప గడ్డర్ నిలబెడతారు చూడండి, సరిగ్గా దానికి. ఇకనుంచి అలాంటిది ఎదురైతే డ్రైవరు ఆగి, మా కంట్రోల్ రూముకు ఫోన్ చేసి, బండి పడుతుందో లేదో కనుక్కోవాలి. ఆ మాట స్టిక్కరు మీద ఉండాలి, స్టిక్కరు డ్రైవరు ముందు ఉండాలి.

నేను ఒక రోజంతా కూర్చుని ఎంతో శ్రద్ధగా రాశాను: "సోదరులారా, వంతెన కిందనుంచి వెళ్ళబోయే ముందు దయచేసి బండి ఆపి, మీ బండి ఎత్తుకు ఆ దారి సరిపోతుందో లేదో ఈ కింది నెంబరుకు ఫోన్ చేసి మమ్మల్ని అడగండి." క్రిస్ప్ సార్ చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఇది స్టిక్కరా, శుభలేఖనా?"

సోదరులు పోయారు. దయచేసి పోయింది. బండి, ఎత్తు, దారి అన్నీ దిగిపోయాయి. చివరికి "బ్రిడ్జి వస్తే ముందు అడగండి" అని మిగిలింది. అదీ నాకు బాగానే అనిపించింది. కానీ మర్నాడు డిజైన్ చేసే కుర్రాడు వచ్చి, అక్షరాలు దూరానికి కనపడేంత పెద్దవి చేస్తే చివరి రెండూ ఫోన్ నెంబరు మీదికి వెళ్ళిపోతున్నాయని చెప్పాడు. క్రిస్ప్ సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అండి తీసెయ్. డ్రైవర్లకు అండి ఎందుకమ్మా? మనం ఆర్డర్ ఇస్తున్నం, అత్తగారింటికి పిలుస్తలేం."

అలా అడగండి కాస్తా అడుగు అయింది. "బ్రిడ్జి వస్తే ముందు అడుగు." ఎర్ర అక్షరాలు, పసుపు పట్టీ, కింద నెంబరు. నాకు మనసులో చివుక్కుమంది, అది భాష గురించి కాదు, మర్యాద గురించి. మా నాన్న చూస్తే ఏమంటారో అనుకున్నాను. అంతకు మించి నాకేమీ తట్టలేదు, అంత భాషాపండితురాలిని నేను.

స్టిక్కర్లు అంటించిన కొన్నాళ్ళకు ఒక పొద్దున్న నేనింకా మెట్రోలో ఉండగానే క్రిస్ప్ సార్ ఫోన్ చేశారు. "అమ్మా, నేను లేటయిత. హఫీజ్‌పేట్ దాటినంక ఒక్క బండి కదుల్తలేదు. ఎవడో పాగల్ గాడు కంటైనర్‌ను గడ్డర్ల ఇరికించిండు. ఏ కంపెనీదో గాని, వీళ్ళకు ట్రైనింగూ ఉండదు, ఏమీ ఉండదు. దిగి చూస్తున్న ఆగు... నీలం రంగు కంటైనరు... దాని మీద..." కాసేపు హారన్లు మాత్రం వినిపించాయి. తర్వాత ఫోన్ పెట్టేశారు. మా కంపెనీ రంగు నీలం.

ఆ పొద్దున సగం సైబరాబాద్ ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళింది. చివరికి ట్రైలర్ టైర్లలో గాలి తీసి, బండిని కిందికి దించి, మెల్లగా వెనక్కి లాగారట. టైర్లతోబాటు మా అందరి గాలీ పోయింది. ఆ బండి డ్రైవరు పేరు మోసినవాడే. యార్డులో అందరూ 'అందాజ అన్న' అంటారు. ఏదైనా కంటితో చూసి అందాజగా చెప్పేస్తాడు, టేపు పట్టుకున్నవాడిని చూస్తే నవ్వుతాడు. యాప్‌లో నేను చదివి రికార్డు చేసిన హెచ్చరికలు విని ఫోన్ చేసి "మంచిగ చెప్పినవ్ మేడం, రేడియోల లెక్క ఉంది" అని మెచ్చుకున్న ఒకే ఒక్క డ్రైవరు కూడా ఆయనే.

రెండు రోజుల తర్వాత విచారణ. బల్లకు ఒకవైపు క్రిస్ప్ సార్, నేను. ఎదురుగా కుర్చీ అంచున అందాజ అన్న, ఇస్త్రీ చొక్కాలో. గోడ మీది తెరలో బెంగళూరు నుంచి పెద్దసారు. ఆయనకు తెలుగు రాదు. మాటలన్నీ ఇంగ్లీషులో నడుస్తున్నాయి గానీ సంగతి తేలికగానే అర్థమవుతోంది. స్టిక్కరు ఉంది, హెచ్చరిక ఉంది, డ్రైవరు పెడచెవిన పెట్టాడు, కాబట్టి యాప్‌లో ఆయన పేరు మూసెయ్యాలి. ఒకసారి మూశారంటే ఇంకో కంపెనీ కూడా గేటు తియ్యదని నాకు అప్పటికే తెలుసు. స్టీరింగు తప్ప ఇంకేదీ పట్టుకోవడం రాని మనిషి. ఆయన తనకేమవుతోందో తెలియక నావంక చూసి చిన్నగా నవ్వాడు.

"స్టిక్కర్ చూసినవా, లేదా?" అన్నారు క్రిస్ప్ సార్.

"సూసిన సార్."

"ఏమున్నది దానిమీద? చదువు." బల్ల మీదున్న కొత్త స్టిక్కరు ముందుకు తోశారు.

అందాజ అన్న దాన్ని చేయి చాచినంత దూరం పట్టుకుని, కళ్ళు చికిలించి, కూడబలుక్కుని చదివాడు. "బ్రిడ్జి... వస్తే... ముందడుగు."

"అంటే?"

"అంటే ఏందుంటది సార్, ముందడుగు ఏయమని. బ్రిడ్జి వస్తే ఆగకు, పో అని."

లేచి నిలబడ్డాను. (ఎందుకు నిలబడ్డానో ఇప్పటికీ తెలీదు. బడి అలవాటు.) "ఆయన తప్పేమీ లేదండి. ముందు, అడుగు. రెండూ కలిస్తే ముందడుగేనండి. ఉత్వ సంధండి. విడదీసి చదివితే అడగమని, కలిపి చదివితే నడవమని అర్థం వస్తుందండి" అన్నాను ఒక్క గుక్కలో. తెరలోని పెద్దసారు సంధి అంటే ఏమిటని అడిగారు. క్రిస్ప్ సార్ కంగారుగా "మర్జర్ సార్, రెండు మాటల మర్జర్" అని ఇంగ్లీషులో చెప్పారు. పెద్దసారు ముఖం గంభీరమైపోయింది. ఆ మర్జర్‌కు అప్రూవల్ ఎవరిచ్చారని అడిగారు.

తర్వాత ఆయనే, ఆఫీసులో తెలుగు వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి స్టిక్కరు చూపించమన్నారు. రిసెప్షన్ అమ్మాయి అడగమనే కదా అంది. సెక్యూరిటీ అన్న, ముందుకు పొమ్మంటున్నారు అన్నాడు. అకౌంట్స్‌లో కూర్చునే పెద్దాయన బాగా ఆలోచించి, ముందర బండికీ మన బండికీ మధ్య ఒక అడుగు ఖాళీ ఉంచమని చెబుతున్నారని తేల్చారు. టీ పట్టుకొచ్చిన క్యాంటీన్ ఆమెను అడిగితే, "అడుగంటితే ముందుగాల పొయ్యి బంద్ చెయ్యాలె, ఇంకేం సూడాలె" అని ట్రే పెట్టేసి వెళ్ళిపోయింది. బండి ఎత్తు గురించి మాత్రం ఒక్కరూ అనుకోలేదు. తెరలో పెద్దసారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. అందాజ అన్న పేరు ఉంచమన్నారు. స్టిక్కర్లన్నీ మార్చమన్నారు. అండి ఎవరు తీసేశారని అడిగితే క్రిస్ప్ సార్ డిజైన్ కుర్రాడి పేరు చెప్పారు.

ఆ వారమంతా నేను నేలమీద నడవలేదు. నాన్నకు ఫోన్ చేసి, మన అండి లేకపోవడం వల్ల ఎంత ఘోరం జరిగిందో, ఉత్వ సంధితో ఒక మనిషి ఉద్యోగం ఎలా నిలబెట్టానో రెండుసార్లు చెప్పాను. ఆయన రెండోసారి కూడా మొదటిసారిలాగే విన్నారు. కొత్త స్టిక్కర్లు ("ముందు అడగండి", నెంబరు కింది వరుసలో) అచ్చయి రాగానే వాటిని నేనే స్వయంగా అంటిస్తానని మియాపూర్ అవతలున్న యార్డుకు బయల్దేరాను. అప్పటిదాకా నేను యార్డుకు వెళ్ళిందీ లేదు, ట్రైలర్‌ను పక్కన నిలబడి చూసిందీ లేదు.

అందాజ అన్న ఎదురొచ్చి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. నేను పెద్ద మనసుతో "మీరేం బాధపడకండి, తప్పంతా ఆ మాటది" అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"మాటది గాదు మేడం. తెల్లారకముందు లోడుతోని గదే గడ్డర్ కింద మంచిగ పోయిన. మలిగి వచ్చేటప్పుడు ఖాళీ. లోడుంటే బండి కూసుంటది, ఖాళీ అయితే జర లేస్తది. లారీలకు నో ఎంట్రీ టైం అయితుందని ఉరుకులాటల గది యాది మరిచిన. అందాజ తప్పింది."

"మరి స్టిక్కర్ చూశానన్నారు, మీటింగులో చదివి అర్థం కూడా చెప్పారు కదండీ?"

"సదివిన గద. గాడనే సదివిన. మీ ముంగటనే. గదే ఫస్ట్ టైం."

నా చేతిలో కొత్త స్టిక్కర్ల కట్ట అలాగే ఉండిపోయింది. ఆయన బండిలో స్టిక్కరు ఎక్కడుందని అడిగితే, ఎక్కి చూడమన్నాడు. చున్నీ నడుముకు చుట్టుకుని, ఆ ఎత్తు మెట్లు పట్టుకుని, మధ్యలో ఒకసారి వేలాడి (యార్డంతా చూసింది), ఎలాగో డ్రైవరు సీటులో కూర్చున్నాను. స్టిక్కరు ఉంది. అంటించినవాడు ఎక్కడ చదునుగా ఉంటే అక్కడ అంటించాడు. అది స్టీరింగుకు సరిగ్గా వెనకాల, చక్రం కమ్మీ కింద పడింది. మెడ వంచి చూస్తే కింద నెంబరులో సగం కనిపించింది.

"ఏం కనవడ్తుంది మేడం?" అన్నాడు అందాజ అన్న కిందనుంచి.

"రోడ్డండీ."

"మాగ్గూడ గదే కనవడ్తది."

ఆఫీసుకు వెళ్ళి క్రిస్ప్ సార్‌కు జరిగింది జరిగినట్టు చెప్పి, రిపోర్టులో కూడా రాసిచ్చాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. కానీ అప్పటికే ఆ ఉదంతం పెద్ద పాఠంగా బెంగళూరు చేరిపోయింది, అక్కడ చప్పట్లు కూడా కొట్టారు. "ఆ చివరి ముక్క తీసెయ్ అమ్మా. అది లేకుంటేనే రిపోర్టు క్రిస్ప్‌గ ఉంటది" అన్నారు. నేను తియ్యనన్నాను. ఆయనే తీసేశారు. నేను మాత్రం ఆ మర్నాటినుంచి స్టిక్కర్లను నమ్ముకోవడం మానేసి, బండి బయల్దేరేముందు డ్రైవర్లకు ఫోన్ చేసి "లోడా అండీ, ఖాళీయా అండీ?" అని అడగడం మొదలుపెట్టాను. మొదట్లో నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. నేను చెయ్యకపోతే వాళ్ళే చేసేవాళ్ళు. అందాజ అన్న మాత్రం ఎప్పుడూ అందాజగా "జర ఖాళీ, జర లోడు మేడం" అనేవాడు.

ఇప్పుడు నేనే నలుగురి మీద పెత్తనం చేసే స్థితికొచ్చాను. నా దగ్గర చేరిన పిల్లలు ఏదైనా రాసి తెస్తే, ముందు వెళ్ళి ఒక ట్రైలర్ ఎక్కి రమ్మంటాను. వాళ్ళు నా వెనక నాకు ఏ పేరు పెట్టుకున్నారో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. కానీ అప్పుడప్పుడూ ఆ మీటింగు గదిలో నిలబడి ఊపిరి తిప్పుకోకుండా సంధి విడదీసిన పిల్ల గుర్తొస్తుంది. రెండక్షరాలు రాలిపోతే సగం సైబరాబాద్ ఆగిపోయిందని మనస్ఫూర్తిగా నమ్మింది, పిచ్చిది. అది చెప్పిన కారణం పూర్తిగా తప్పు. అయినా ఆ తప్పు కారణంతోనే ఒక మనిషి చేతిలో స్టీరింగు నిలబెట్టింది. ఇప్పుడు నాకు సరైన కారణాలన్నీ తెలుసు, కానీ అలా లేచి నిలబడాలంటే మాత్రం ఎందుకో రెండుసార్లు ఆలోచిస్తాను.