నిండుగా మిగిలిన నల్ల డబ్బా

"తెల్ల డబ్బా ఖాళీ అయినాది. నల్ల డబ్బా నిండుగా ఉండాది. ఇదెట్లమ్మా?" అన్నాడు నా కొడుకు.

"మిగిలింది. మిగిలిస్తే తప్పా?"

"రెండూ సమంగా కలపల్ల అని చెప్పింటి కదా."

"చెప్పింటివి. నువ్వు తెచ్చిన బంకే నాసిరకమేమో, దానికి నేనేం చేయల్ల? నాలుగేండ్లుగా నా చేత్తోనే కలుపుతాండా. అప్పుడంతా అంటుకోలేదా?"

"అది వేరే, ఇది వేరేమ్మా."

మా ఇద్దరి నడుమ నేల మీద కారు పక్క ప్యానెల్ పడి ఉంది. తలుపుకూ వెనక చక్రానికీ మధ్య ఉండే ముక్క. ఇనుముది కాదు, ఫైబర్‌ది. వాడు కూర్చుని దాని అంచు మీద వేలు పెట్టి తీస్తే, బంక తీగపాకంలా సాగింది. వేసి ఆరు రోజులైంది.

అప్పట్లో బెంగళూరులో ఫైబర్ బాడీతో చిన్న కార్లు తయారయ్యేవి. వాడు అక్కడ మూడేళ్ళు ఆ పని నేర్చుకుని వచ్చి, బళ్ళారిలో బ్రూస్‌పేట చివర షెడ్డు పెట్టాడు. ఎదురుగా ఇనుప బాడీలు సరిచేసే టింకర్ ఒకాయన ఉండేవాడు. కారు వచ్చినప్పుడల్లా, "ఏం డాక్టర్ సాబ్, ఎన్ని కుట్లు పడినాయి?" అని నవ్వేవాడు. మావాడు తల ఎత్తేవాడు కాదు.

బంక కలిపే పని నాది. నేను చదివింది మూడో తరగతి, అదీ కన్నడ బడిలో. డబ్బాల మీది ఇంగ్లీషు నాకు రాదు, చేతి అంచనా మాత్రం ఉంది. మొదట్లో వాడు వాడింది గాజునార బట్టను తడిపే రెజిన్ అనే జిగురు. లోటాడు రెజిన్‌కు కొన్ని చుక్కలు హార్డ్‌నర్ వేస్తే చాలు, గట్టిపడుతుంది. బళ్ళారి ఎండల్లో రెండు చుక్కలు ఎక్కువ పడితే గిన్నెలోనే కాగి రాయైపోతుంది. అందుకే ఎండాకాలం చుక్కలు తగ్గించాలి. అది నాకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. పాలకు తోడు వేయడం లాంటిదే. ఎండాకాలం కొంచెం, చలికాలం ఇంకొంచెం. నా చేతి మీద ఒక్క గిన్నె కూడా చెడలేదు.

కానీ ఆ రెజిన్ ఎండితే గాజులాగా ఉండేది. ఖనిజం లారీలు తొక్కి గుంటలు చేసిన మా రోడ్ల మీద నాలుగు నెలలు తిరిగేసరికి అతుకు పుటుక్కుమనేది. రెండు కార్లు అట్లా తిరిగొచ్చాయి. ఇక లాభం లేదని వాడు ఈ కొత్త బంక తెప్పించాడు. గట్టిగానూ ఉంటుంది, కారు ఊగినప్పుడు కొంచెం సాగుతుంది కూడా అన్నాడు. ఒక డబ్బాలో తెల్లది, ఒక డబ్బాలో నల్లది. నల్లది దీనికి హార్డ్‌నర్.

పక్క ప్యానెల్ ఊడి వచ్చిన ఈ కారు కురుగోడు దగ్గర కాలవ కింద క్యాంపులో ఉండే ఒక రైసుమిల్లు ఆసామిది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఆయన కారు అప్పజెప్పేటప్పుడే మాట తేల్చేశాడు: "తమ్ముడూ, మా క్యాంపుల్లో ఇలాంటి బళ్ళు ఇంకో అయిదున్నాయండీ. ఇది నిలబడితే అన్నీ నీ దగ్గరికే తోలిస్తాను. నిలబడకపోతే మాత్రం ఇంక మావాళ్ళెవరూ నీ గుమ్మం ఎక్కరు." షెడ్డులో అప్పుడు ఆ కారు తప్ప వేరే పని లేదు. రెండు నెలలుగా లేదు.

వాడు అంచులన్నీ ఉప్పుకాగితంతో నిగనిగ పోయేదాకా రుద్దాడు. థిన్నర్‌తో తుడిచాడు. చేతి జిడ్డు తగిలినా అంటుకోదని నన్ను ముట్టుకోనివ్వలేదు. బిగించి కట్టడానికి నా పాత నూలు చీర చించి పట్టీలు చేశాను. బంక కలపడానికి పగిలిన అద్దం ముక్క నా ముందు పెట్టి, రెండూ సమంగా తీసి, చార లేకుండా బూడిద రంగు వచ్చేదాకా కలపమన్నాడు.

నేను విన్నాను. వినలేదని ఇప్పుడు అబద్ధం ఆడను. తెల్లది కుప్పగా తీశాను. నల్లది తీయడానికి చేయి రాలేదు. డబ్బెడు పాలకు డబ్బెడు తోడు ఎవరైనా పోస్తారా అనుకున్నాను. అంగడివాళ్ళు సరుకు త్వరగా అయిపోవాలని అట్లా చెప్పి పంపిస్తారు, వీడు నమ్ముతాడు, అనుకున్నాను. పుల్ల కొసతో కొంచెం తీసి కలిపాను. బూడిద రంగు రాలేదు. పెరుగులో మసి పడినట్టు ఉంది. వాడు ప్యానెల్ రెండు చేతులా పట్టుకుని నిలబడి, "కలిసిందామ్మా?" అన్నాడు. కలిసిందన్నాను. కారు అంచుకు నేనే పూశాను. షెడ్డు మూలలో వెలుతురు తక్కువ, వాడు రంగు చూడలేదు.

మరుసటి రోజు అతుకు మీద పుట్టీ పెట్టి రుద్ది రంగు వేశాడు. పుట్టీ గట్టిపడింది. వేలితో కొడితే గట్టిగానే మోగింది. లోపలిది పచ్చిగా ఉందని పైకి తెలిసే దారి లేదు. మూడో రోజు ఆసామి కారు తీసుకుపోయాడు. నేను నల్ల డబ్బాకు మూత బిగించి, గుడ్డ కట్టి అటక మీద పెట్టాను. నాకు సంతోషంగానే ఉండింది.

ఆరో రోజు సాయంత్రం కారు వచ్చింది, వెనకాలే ట్రాక్టరు ట్రాలీలో ప్యానెల్ వచ్చింది. కాలవ వంతెన మీద ఊడి వేలాడిందట. కార్లో ఆయన భార్య ఉందట. ఆయన కోప్పడలేదు. "పొద్దున లారీ పంపిస్తాను. బెంగళూరులోనే చేయించుకుంటాంలే తమ్ముడూ," అని కారు వదిలి ట్రాక్టరు ఎక్కి వెళ్ళిపోయాడు. ఎదురు షెడ్డు టింకర్ చూసి కూడా ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

అప్పుడు వాడు అటక మీద డబ్బాలు దింపి చూసి, నన్ను అడిగాడు.

"దాచిపెట్టినాన్రా. ఇంకో కారుకు వస్తాదని," అన్నాను చివరికి.

"ఇంకో కారు యాడ ఉండాదమ్మా?"

ఇంకో తెల్ల డబ్బా తెమ్మన్నాను. ఈసారి సమంగా కలుపుతానన్నాను. వాడు కిరసనాయిలుతో వేళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తప్పు నాదే అన్న మాట నా నోటికి రాలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా రాలేదు.

పొద్దున్నే లారీ వచ్చింది. కారు ఎక్కించడానికి వాడు చేయి వేశాడు, ప్యానెల్ జారకుండా తాడు వాడే కట్టాడు. షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి షెడ్డు స్థలం యజమానికి ఇచ్చి వచ్చాడు. నేను జొన్నరొట్టె, చట్నీపొడి పెట్టి ఇచ్చిన డబ్బా తీసుకుని, ఊళ్ళో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్‌కు కూలికి పోయాడు.